పోయిన ముఖాలు, పోని క్రమం

వంశధార తూర్పుకనుమలలో పుట్టి కళింగపట్నం వద్ద సాగరసంగమం పొందుతుంది. ఆ తీరంలో దోసెడు ఇసుక తీసి పరిశీలించండి. నల్లని రేణువుల నడుమ ఎర్రని రేణువులు మెరుస్తాయి. అవి గార్నెట్ కణాలు. నవరత్నాలలోని గోమేధికానికి సజాతీయాలు. విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాల కొండలలో విస్తరించిన ఖోండలైట్ శిలయే వాటి ప్రధాన జన్మస్థానం. కనుమలలో నివసించే ఖోండుల పేరిట ఆ శిలకు 1902లో వాకర్ అనే భూశాస్త్రజ్ఞుడు నామకరణం చేశాడు.

అవరోధం లేక పెరిగిన గార్నెట్ స్ఫటికం తరచుగా పన్నెండు సమచతుర్భుజ ముఖాలతో రూపొందుతుంది. పక్కపక్కన ఉన్న ఏ రెండు ముఖాలైనా 120 డిగ్రీల కోణంలోనే కలుస్తాయి. ఏ శిల్పీ ఉలి తాకించలేదు. అది సహజ సౌష్ఠవం.

ఇట్టి సౌష్ఠవాన్ని మన పూర్వులు గమనించారు. గరుడపురాణంలోని రత్నపరీక్షా ప్రకరణం వజ్రానికి ఆరు కోణాగ్రాలు, ఎనిమిది పార్శ్వాలు, పన్నెండు ధారలు ఉంటాయని, అవి గనిలోనే సిద్ధించిన గుణాలని చెబుతుంది. ఈ గణన యథార్థం. వజ్రపు ఆ పన్నెండు ధారలను సమంగా అరగదీస్తూ పోతే చివరకు మిగిలేది గార్నెట్ యొక్క పన్నెండు ముఖాల ఆకృతియే! రెండింటి సౌష్ఠవం ఒకే కుటుంబానికి చెందినది.

అయితే అంతర్గత పరమాణు విన్యాసం కూడా పూర్వులకు తెలుసునని చెప్పుకోవడం సత్యానికి అపచారం. స్ఫటికం చిన్నదైనా పెద్దదైనా దాని ముఖాల మధ్య కోణాలు మారవని 1669లో స్టెనో గుర్తించాడు. అందుకు కారణమైన పరమాణు క్రమానికి 1912లో లావే బృందం ఎక్స్-కిరణాలతో ప్రత్యక్ష ప్రమాణం చూపింది. పూర్వులు చూచినంత మేరకు నిజం చెప్పారు. వారికి అదే చాలినంత గౌరవం.

మళ్ళీ మన దోసిటి ఇసుకకు వద్దాం. నదీప్రవాహంలో, అలల తాకిడిలో ఆ కణం తన ముఖాలన్నీ కోల్పోయి గుండ్రనైంది. కొన్నింటికి శిలాగర్భంలోనే ముఖాలు సరిగా ఏర్పడలేదు. అయినా లోపలి క్రమం చెక్కుచెదరలేదు. ఎక్స్-కిరణాలకు నేటికీ అదే సౌష్ఠవం గోచరిస్తుంది. ఆకృతి పోయింది గాని, ఆకృతికి హేతువు పోలేదు.

ఈ దృష్టాంతానికీ హద్దు ఉంది. పరమాణు క్రమం సైతం అగ్నిలో కరిగిపోయేదే. కనుక అది ఆత్మ కాదు. కాని రూపాన్ని దాటి దాని కారణాన్ని విచారించే అభ్యాసానికి ఆ ఎర్రని రేణువు చక్కని తొలి పాఠం. వార్ధక్యంలో దేహపు కాంతి తగ్గిందని దుఃఖించే సాధకుడు ఒక్కసారి ఆ తీరంలో కూర్చొని దోసిలి పట్టాలి.