కాకతీయ యుగమున బుద్ధదీపము

ఆంధ్రదేశమున బౌద్ధము శైవుల కత్తివాదరకు బలియై నశించెనని చెప్పుట పరిపాటి. ఈ మాటకు మూలముగాఁ జూపఁబడు గ్రంథములలో పండితారాధ్యచరిత్ర ముఖ్యమైనది. దానిని రచించిన పాల్కురికి సోమనాథుని జన్మస్థానము నేఁటి జనగామ జిల్లాలోని పాలకుర్తి యని పలువురి మతము. చందవోలిలో వెలనాటి చోడుని కొలువున మల్లికార్జున పండితునకును బౌద్ధాచార్యునకును వాదము జరిగినట్లును, పండితుని శిష్యులు బౌద్ధుని వధించినట్లును, రాజు కుపితుఁడై పండితుని కన్నులు తీయించినట్లును అందుఁ గలదు. పెక్కుమంది వధ వఱకే గ్రహించి తక్కినది విడుతురు. బౌద్ధుని చంపుట దండనార్హమని యొక రాజు తలంచెననుటయు నా కథలోనిదే. కవి యా రాజును నిందించెను గాని దండనమును దాఁచలేదు.

పురాణముచెంత శాసనము నుంచి చూడవలెను. క్రీ. శ. 1182లో కోట వంశపు రెండవ కేతరాజు అమరావతిలో శాసనము వేయించెను. ఈతఁడు శివభక్తుఁడు. ఆ శాసనము ధాన్యకటకమును వర్ణించుచు అమరేశ్వరుని, ఆ చేరువనే యున్న బుద్ధదేవుని, శిల్పశోభితమైన మహోన్నత చైత్యమును ఒక్క వరుసలోఁ బేర్కొనుచున్నది. కేతరాజు బుద్ధునకు గ్రామములను, అఖండదీపములను సమర్పించెను. అఖండదీప మన నొకనాఁటి పూజ గాదు. పశువులను గాపరుల కప్పగించి, వారును వారి వంశమువారును నిత్యము నేయి కొలిచి పోయునట్లు చేయు కట్టడి. పరమతదేవతపైఁ గల యాదరము క్షణికమైనచో నిట్టి బంధమునకు నెవ్వఁడును బూనుకొనఁడు.

అర్ధశతాబ్దము గడచిన పిదప, 1234లో, నతవాడి రాజకుమారి బయ్యల యా బుద్ధునకే దీపము పెట్టించెను. ఈ నతవాడి వంశము ఓరుగంటికిఁ బరాయిది కాదు. కాకతి గణపతిదేవుని సోదరి మైలమ నతవాడి రుద్రుని పత్ని. మహబూబాబాదు జిల్లా బయ్యారములోని పెద్దచెఱువు ఆమె త్రవ్వించినదే. దానికి ధర్మకీర్తిసముద్రమని పేరు. ధర్మకీర్తి యనఁగానే బౌద్ధతార్కికుని దలఁచి, మైలమ బౌద్ధురాలని యూహింపఁ దగదు. ధర్మముచేఁ గీర్తి గలది యని బహువ్రీహి, ఆమె బిరుదము. ఊహలకు సమాసమును బలి యిచ్చుట నేఁడు మిక్కిలి సులభమైనది. చిత్రమేమనఁగా, 1344 నాఁటి సింహళపు గడలదెణియ శాసనమున ధాన్యకటకమందలి రెండంతస్తుల ప్రతిమాగృహమును బాగుచేయించినట్లు చెప్పఁబడిన స్థవిరుని పేరును ధర్మకీర్తియే. అప్పటికి ఓరుగల్లు పడి యిరువదియొక్క సంవత్సరములు.

తరువాత దీపము మలఁగెను. అది మరల వెలిఁగినది ప్రభువుల యిండ్లలోఁ గాదు. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరమున గోదావరిం గలియు ప్రాణహితలో నాగపురపు నాగనది నీరును గలదు. అది కన్హనులోను, కన్హను వైనగంగలోను బడి, వైనగంగ వార్ధతోఁ గూడి ప్రాణహిత యగుచున్నది. ఆ నాగపురముననే 1956 అక్టోబరు 14వ తేదిని డాక్టరు అంబేడ్కరు లక్షలాది జనులతో బౌద్ధదీక్ష గైకొనెను. రెండు దినములకుఁ జాందాలోను దీక్ష జరిగెను. దీక్ష గైకొన్నవారు తరతరములుగా దేవాలయముల గడప యీవల నిలుపఁబడినవారు.

కావునఁ గేతరాజు శాసనమును వీరికిఁ జూపి, మన పూర్వులు మతభేద మెఱుఁగరని నచ్చఁజెప్పఁ బూనుట పండితులకుఁ దగని పని. అమరేశ్వరుని భక్తుఁడు బుద్ధునకు దీపము పెట్టుటకు వెలుపలి కట్టుబాటేదియు నడ్డు లేదు. వీరి తాతలకు అమరేశ్వరునికే దీపము పెట్టు నధికారము లేదు. నాగపురమునఁ జేయించిన యిరువదిరెండు ప్రతిజ్ఞలలో మొదటిది బ్రహ్మవిష్ణుమహేశ్వరులను గొలువనని. పదుమూఁడవది సర్వప్రాణులయెడను గరుణ గలిగి వానిని రక్షింతునని. అందు ఫలానివారని మినహాయింపు లేదు.