కాలేయానికి గంధకం కాపలా

చెన్నై కోడంబాక్కంలో ఆకుకూరల బుట్టల్లో అప్పుడప్పుడు వేళ్లతో పీకిన చిన్న మొక్కల కట్ట కనిపిస్తుంది. రెమ్మ తిప్పి చూస్తే ఆకుల కింద వరసగా ఆవగింజల్లాంటి కాయలు. తమిళులకది కీళానెల్లి. సినిమాల వెంట వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగిళ్లలో నేల ఉసిరి. కామెర్లొస్తే నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున తాగిస్తారు.

ఈ మొక్కను మద్రాసు విశ్వవిద్యాలయం పరీక్షకు పెట్టింది. హెపటైటిస్ బి వైరస్‌ను కనిపెట్టిన బ్లంబర్గ్‌తో కలిసి అక్కడి త్యాగరాజన్ బృందం 1988లో లాన్సెట్‌లో ఫలితం ప్రకటించింది. నెల రోజులు మందు వాడిన 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ ఆనవాలు పోయింది. ఉత్తుత్తి మందు మింగిన 23 మందిలో ఒక్కరికే పోయింది. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు.

వైరస్ సంగతి అటుంచితే, సీసం, పాదరసం, కాడ్మియం లాంటి భార లోహాలు చేసే చెరుపు వేరు. ఆ కథంతా గంధకం చుట్టూ తిరుగుతుంది. మన రసవైద్యులు పాదరసాన్ని గంధకంతో కలిపి నల్లటి కజ్జలి అయ్యేదాకా కల్వంలో నూరేవారు. రెంటికీ అంత పొత్తు. కాలేయ కణంలోనూ ఆ పొత్తే కొంప ముంచుతుంది. 1921లో హాప్కిన్స్ వెలికితీసిన గ్లూటాథయోన్ కణానికి కాపలాదారు. దాని బలం గంధకమే. లోహం వచ్చి ఆ గంధకాన్నే పట్టేస్తుంది. కాపలా తగ్గాక కణం పొరలోని కొవ్వు చెడి, లోపలి ఎంజైములు రక్తంలోకి కారతాయి. రక్తపరీక్ష కాగితం మీద ఆ ఎంజైముల్లో ఒకటైన ఎస్‌జీపీటీ అంకె పెరిగేది అందుకే.

విరుగుడూ గంధకమే. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆర్సెనిక్ విషవాయువుకు ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన బాల్ మందైనా, విల్సన్ జబ్బులో పేరుకున్న రాగిని తీయడానికి 1956లో వాల్ష్ వాడిన పెనిసిల్లమైన్ అయినా లోహాన్ని పట్టుకునేది దాంతోనే.

1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ ఒంట్లోనే ఉండే యాంటీఆక్సిడెంట్ ఎంజైము సూపర్ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ సంగతి బయటపెట్టాక, కణాల చెరుపును ఆపే యాంటీఆక్సిడెంట్ల వేట ఊపందుకుంది. వెల్లుల్లి, ఉసిరి, పసుపులోని కర్‌క్యుమిన్ ఇస్తే లోహవిషం ఎక్కిన ఎలుకల కాలేయం కొంత నిలదొక్కుకుంది. కాదనను. కానీ చాలా పరీక్షల్లో వాటిని విషానికి ముందో, విషంతోపాటో ఇచ్చారు. మనిషికి విషం సంగతి తెలిసేదే ఆలస్యంగా. పైగా కర్‌క్యుమిన్ పేగుల్లోంచి రక్తంలోకి చేరేది బహు తక్కువ.

ఇంతా చేసి, ఆ పసుపుకే మెరుపు కోసం లెడ్ క్రోమేట్ పూసేవాళ్లున్నారు. బంగ్లాదేశ్‌లో జనం ఒంట్లోకి సీసం ఈ దారిన కూడా చేరేదని 2019లో తేలింది. మన దేశంలో కిలో పసుపులో సీసం 10 మిల్లీగ్రాములు దాటకూడదని నిబంధన. మరీ మెరిసే కొమ్ముల్ని చూసి మురిసిపోకండి. ఒంట్లో సీసం చేరిందని అనుమానముంటే పసరుతో సరిపెట్టుకోక రక్తపరీక్ష చేయించుకోండి.