కేశ్‌కాల్ ఎక్కిన శాంత్రో

2001లో నాన్న శాంత్రో కొన్నప్పుడు జగదల్‌పూర్‌లో మా వీధి వీధంతా వచ్చి దాని ఎత్తు చూసింది. అప్పటిదాకా మాకు కారంటే అంబాసిడర్, మారుతి 800. అడవి దారులకైతే జీపు. కొరియా బండి అనగానే ఇంట్లో ఒకటే భయం. 1995లో సియెలోతో మన దేశానికి వచ్చిన డేవూ, 2000 నవంబరులో కొరియాలో దివాలా తీసింది. “రేపు సామాను ఎక్కడ తెస్తావురా?” అన్నారు పెదనాన్న. నాన్న జవాబు ఒకటే: హ్యుందాయ్ వాళ్లు 1998 నుంచి ఈ బండిని శ్రీపెరుంబుదూరు దగ్గరే తయారుచేస్తున్నారు.

ఆ 999 సీసీ ఇంజిను సత్తా తెలిసింది ఘాట్లమీదే. రాయపూర్ వెళ్లాలంటే కేశ్‌కాల్ పన్నెండు మలుపులు. పండక్కి విజయనగరం వెళ్లాలంటే కోరాపుట్ దాటి సాలూరు ఘాట్. లారీల వెనక ఆగి ఆగి ఎక్కడంతో క్లచ్ ప్లేటు అరిగేది, అది దారి మహిమ. ఇంజినును మాత్రం పద్నాలుగేళ్లలో ఒక్కసారీ విప్పలేదు. ఆయిలు, ఫిల్టరు, తిరిగిన కిలోమీటర్లు అన్నీ నాన్న నోటుపుస్తకంలో రాసేవారు. 2015లో కొన్నాయన బండికంటే ముందు ఆ పుస్తకమే తిరగేశాడు. అడిగిన ధర ఇచ్చాడు.

ఇప్పుడు నాది సెల్టోస్. 2019లో పెనుకొండ కియా కర్మాగారం నుంచి వచ్చిన మొదటి మోడలు అదే. కొరియా పేరుతో మన రాయలసీమలో పుట్టిన బండి అని నాన్నకు ఎంత గర్వమో! కేశ్‌కాల్ ఎక్కుతున్నంతసేపూ ఆయన చూపు ఇంకా ఇంజిను వేడి సూచిక మీదే.