బస్సులు ఆగిన అరవై రోజులు

సమైక్యాంధ్ర ఉద్యమం గురించి రాసినవాళ్లు వంటావార్పులు రాశారు, మానవహారాలు రాశారు. బస్సు లేని ఆ రోజుల్లో కూలికి, కాలేజీకి, కోర్టుకి జనం ఎట్లా పోయారో రాయలేదు. పల్నాడు వాడల నుంచి అది మనమే రాసుకోవాలి.

2013 జూలై 30న తెలంగాణ ప్రకటన. ఆగస్టు 12 అర్ధరాత్రి నుంచి సీమాంధ్రలో ఆర్టీసీ సమ్మె. అక్టోబర్ 11 దాకా, దాదాపు 60 రోజులు. సమ్మె చేయడాన్ని నేను తప్పుపట్టను. 1938లో బొంబాయిలో పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా బాబాసాహెబ్ కార్మికులతో సమ్మె చేయించింది ఆ హక్కు కోసమే. నా ప్రశ్న ఒక్కటే: ఆ 60 రోజుల బరువు ఎవరి నెత్తిన పడింది?

రైలుంది కదా అంటారు. గుంటూరు నుంచి మాచర్ల లైను సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల మీదుగా పోతుంది. నరసరావుపేట ఉన్నది గుంతకల్లు లైనులో. మాచర్లోడు రైల్లో పేటకు రావాలంటే గుంటూరు వైపు పోయి మళ్లీ వెనక్కి తిరగాలి. దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి వాళ్లకు ఆ రైలు కూడా లేదు.

బండి ఉన్న ఇల్లు బండి తీసింది. నేనప్పుడు డిగ్రీ. చేతిలో స్టూడెంట్ పాసుంది, అది ఆటోవాడికి చెల్లదు. (ఆటో తోలేదీ మన పిల్లలే, వాళ్లకూ డీజిలు ఊరికే రాదు.) అది మిరప నాట్ల కాలం. మా అమ్మవాళ్ల ముఠా ట్రాలీ ఆటోలో నిలబడి పోయేది, ఛార్జీ కూలిలోంచే పోయేది. వాడలో ఇద్దరు ఆడపిల్లలు కాలేజీ మానేశారు. బస్సులొచ్చాక ఒక పిల్లే తిరిగి పోయింది.

అమెరికాలో మాంట్‌గోమరీ నల్లజాతి జనం 1955 డిసెంబర్ 5 నుంచి 381 రోజులు బస్సెక్కలేదు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు మైళ్లకు మైళ్లు నడిచారు. కానీ ఆ నిర్ణయం వాళ్లది. చర్చిలో కూర్చుని వాళ్లే తీసుకున్నారు, కార్లు పోగేసుకుని వాళ్లే నడిపించుకున్నారు. ఇక్కడ బస్సు ఆపే ముందు వాడను అడిగినవాళ్లు లేరు, ఆపాక ఆటో పంపినవాళ్లూ లేరు.

దూరం మనకు చిన్న విషయం కాదు. 1991 ఆగస్టు 6 చుండూరు హత్యాకాండ కేసులో బాధితులు కొట్లాడి సాధించుకున్నది ఊళ్లోనే ప్రత్యేక కోర్టు. సాక్షి కోర్టుకి పోవడం కాదు, కోర్టే సాక్షి దగ్గరికి వచ్చింది. 2007 జూలై 31న అక్కడే 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసింది, ఆ సంగతి వేరే భాగంలో.

2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా అయింది, కలెక్టరేటు నరసరావుపేటలో. వెల్దుర్తి నుంచి అర్జీ పట్టుకుని పోయే ముసలమ్మకు ఇవాళ్టికీ బస్సే దిక్కు. 2013లో మీ వాడ ఎట్లా తిరిగిందో ఇంట్లో పెద్దోళ్లను అడిగి రాసి పెట్టండి. ఆటో ఛార్జీ ఎంతో, ఎన్నాళ్లు బడి మానారో, అది కూడా రాయండి.