నాయకభక్తి – పౌరధర్మం: ఎమర్జెన్సీ నేపథ్యంలో తెలుగు ఓటరు తీర్పు

ఉపోద్ఘాతం

వివాదాస్పదుడైన జాతీయ నాయకుణ్ణి పౌరులు గౌరవించాలా, సమర్థించాలా అన్న ప్రశ్న ప్రజాస్వామ్య చరిత్రలో పదే పదే తలెత్తుతుంది. సాధారణంగా దీనికి రెండు రకాల సమాధానాలు వినిపిస్తాయి. నాయకుడు జాతికి ప్రతీక కనుక అతని వెంట నిలవడమే దేశభక్తి అనేది ఒకటి. తప్పు చేసిన నాయకుడికి గౌరవమూ అక్కరలేదనేది రెండవది. ఈ రెండూ గౌరవం, మద్దతు, భక్తి అనే మూడు భిన్న భావాలను ఒకటిగా కలిపివేస్తున్నాయి. ఇందిరాగాంధీ రాజకీయ జీవితంలో 1969 నుంచి 1984 వరకు గల కాలాన్ని, ప్రత్యేకించి ఆ కాలంలో తెలుగు ఓటర్లు ఇచ్చిన తీర్పులను ఆధారంగా చేసుకొని ఆ భావాల మధ్య గల భేదాన్ని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

ఆత్మప్రబోధం నుంచి విధేయత దాకా

1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. స్వతంత్ర అభ్యర్థిగా నిలిచిన వి.వి. గిరి కూడా తెలుగువారే. పార్టీ పెద్దల నిర్ణయాన్ని పక్కనపెట్టి ఆత్మప్రబోధానుసారం ఓటు వేయాలని ఇందిరాగాంధీ తన పార్టీ సభ్యులను కోరారు. గిరి గెలిచారు, ఆ సంవత్సరాంతానికి కాంగ్రెస్ చీలిపోయింది. నాయకత్వ ఆజ్ఞ కంటే వ్యక్తి అంతస్సాక్షి గొప్పదన్న సూత్రం మీదనే ఆమె జాతీయ ప్రాబల్యం నిలదొక్కుకున్నదని దీన్ని బట్టి గ్రహించవచ్చు.

ఆరేళ్లలో ఈ సూత్రం తలకిందులైంది. 1975 జూన్ 12న అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హా ఆమె రాయబరేలీ ఎన్నిక చెల్లదని తీర్పు చెప్పారు. జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటితమైంది. పత్రికల మీద సెన్సార్ అమలైంది. మీసా చట్టం కింద 34,988 మంది, భారత రక్షణ నిబంధనల కింద 75,818 మంది నిర్బంధితులయ్యారని తరువాత షా కమిషన్ లెక్క తేల్చింది. ఆనాటి కాంగ్రెస్ అధ్యక్షుడు దేవకాంత బారువా ఇందిరకూ ఇండియాకూ అభేదాన్ని ప్రకటించారు. ఆత్మప్రబోధం పేరిట ఎదిగిన నాయకత్వమే ఇతరుల ఆత్మప్రబోధాన్ని నేరంగా పరిగణించే స్థితికి చేరింది.

భక్తి, గౌరవం, మద్దతు

ఈ ప్రమాదాన్ని స్వాతంత్ర్యోద్యమ నాయకులు ముందే గుర్తించారు. 1937 నవంబరులో ‘మోడరన్ రివ్యూ’ పత్రికలో ‘చాణక్య’ అనే మారుపేరుతో వచ్చిన వ్యాసం, జవహర్‌లాల్ నెహ్రూ వంటి జనాదరణ గల నాయకుడు నియంతగా మారే అవకాశం ఉన్నదని హెచ్చరించింది. ఆ వ్యాసకర్త నెహ్రూయే. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో అంబేద్కర్ మరింత స్పష్టంగా మాట్లాడారు. మతంలో భక్తి ముక్తిమార్గం కావచ్చు గాని రాజకీయాల్లో వ్యక్తిపూజ పతనానికీ చివరకు నియంతృత్వానికీ దారితీస్తుందన్నది ఆయన అభిప్రాయ సారాంశం.

తెలుగు సాహిత్య సంప్రదాయం ఇక్కడ ఒక ఆసక్తికరమైన పోలికను అందిస్తుంది. కాసుల పురుషోత్తమకవి ‘ఆంధ్రనాయక శతకం’లో శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును నిందాస్తుతితో నిలదీశాడు. గోగులపాటి కూర్మనాథకవి ‘సింహాద్రి నారసింహ శతకం’లో, పరరాజుల సైన్యాలు దేశాన్ని చెరుస్తుంటే ఊరకున్నందుకు స్వామినే అధిక్షేపించాడు. దైవభక్తిలో సైతం ప్రశ్నకు చోటున్నదని ఈ శతకాలు చాటుతున్నాయి. రాజకీయ భక్తి ఆ పాటి చోటు కూడా ఇవ్వదు. కనుక అంబేద్కర్ హెచ్చరించిన భక్తి, శతక కవుల భక్తి కంటే సంకుచితమైనది.

గౌరవం పదవికి సంబంధించింది. రాజ్యాంగబద్ధంగా ఎన్నికైన వ్యక్తి ఆదేశాలను చట్టపరిధిలో అంగీకరించడం దాని రూపం. మద్దతు విధానాలకు సంబంధించింది. అది ఇవ్వవచ్చు, ఉపసంహరించుకోవచ్చు. భక్తి వ్యక్తికి సంబంధించింది. ఉపసంహరణకు అందులో తావులేదు. ఎమర్జెన్సీ కాలంలో పాలకవర్గం కోరింది ఈ మూడవదాన్ని.

1977: తెలుగునాట తీర్పు

1977 మార్చి ఎన్నికల్లో ప్రజలు నియంతృత్వాన్ని తిరస్కరించారన్నది స్థిరపడిన చారిత్రక నిర్ణయం. ఉత్తరాది విషయంలో ఇది నిజం. ఉత్తరప్రదేశ్‌లోని 85 స్థానాల్లో, బీహార్‌లోని 54 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ దక్కలేదు. రాయబరేలీలో ప్రధానమంత్రే ఓడిపోయారు. కాని ఆంధ్రప్రదేశ్‌లోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్ గెలుచుకుంది. మిగిలిన ఒక్క నంద్యాలలో జనతా అభ్యర్థిగా గెలిచినవారు, 1969లో ఇందిర ఓడించిన నీలం సంజీవరెడ్డి. ఆ ఏడాదే ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

ఈ వైరుధ్యానికి కారణాలు పలు విధాలు. బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు, ఇళ్ల కూల్చివేతలు ఉత్తరాదిని కుదిపినంతగా దక్షిణాదిని కుదపలేదు. 1969 తెలంగాణ ఉద్యమం, 1972–73 జై ఆంధ్ర ఉద్యమం తరువాత ఆరు సూత్రాల పథకంతో రాష్ట్రం కొంత కుదుటపడింది. ఇరవై సూత్రాల కార్యక్రమంలోని భూపంపిణీ, ఇళ్లస్థలాలు, వెట్టిచాకిరి రద్దు వంటి అంశాలు గ్రామీణ పేదల్లో ఆశలు రేపాయి. రాష్ట్రమంతటా విస్తరించిన ప్రతిపక్ష నిర్మాణం లేదు. సెన్సార్ కారణంగా నిర్బంధ వార్తలు ఊళ్లకు చేరనూ లేదు. అందువల్ల ఈ తీర్పును ఎమర్జెన్సీకి ఆమోదముద్రగా భావించడం ఎంత తప్పో, ఓటర్ల అజ్ఞానంగా కొట్టివేయడమూ అంతే తప్పు. తమకు అందిన ప్రయోజనాన్నీ, తెలిసిన సమాచారాన్నీ బట్టి వారు మద్దతు ఇచ్చారు.

అల్పసంఖ్యాకుల అసమ్మతి

అయితే ఈ మద్దతు ఒక క్లిష్టమైన ప్రశ్నను మిగిల్చింది. అధికసంఖ్యాకులు నాయకురాలి వెంట ఉన్నప్పుడు, ఆమెను వ్యతిరేకించినవారి స్థానమేమిటి?

ఆదిలాబాద్ జిల్లా రైతాంగ పోరాటానికి చెందిన భూమయ్య, కిష్టాగౌడ్‌లను 1975 డిసెంబరు 1న ఉరితీశారు. వారి మరణశిక్ష రద్దు కోసం అంతకుముందు సాగిన ప్రజాభిప్రాయ సమీకరణ, ఎమర్జెన్సీలో నోరు విప్పలేని స్థితికి చేరింది. వరవరరావు, చెరబండరాజు వంటి విప్లవ రచయితలు జైళ్ల పాలయ్యారు. భిన్న భావజాలాలకు చెందిన విద్యార్థి నాయకులూ నిర్బంధంలో ఉన్నారు. ప్రజాకవి కాళోజీ నారాయణరావు, రాష్ట్రంలో జరిగిన ఎన్‌కౌంటర్లపై విచారించిన తార్కుండే కమిటీలో సభ్యులయ్యారు. ముఖ్యమంత్రి జలగం వెంగళరావుపై సత్తుపల్లిలో పోటీచేసి ఓడిపోయారు. ఆయన ఓటమి ఆయన లేవనెత్తిన ప్రశ్నలను అబద్ధం చేయలేదు.

న్యాయస్థానంలోనూ ఇదే చిత్రం కనిపిస్తుంది. 1976 ఏప్రిల్ 28న జబల్‌పూర్ కేసులో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని ఐదుగురిలో నలుగురు, అత్యవసర పరిస్థితిలో నిర్బంధితులు హెబియస్ కార్పస్ కోరజాలరని తీర్పు చెప్పారు. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు దక్కకుండా పోయింది. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఆ నలుగురి తీర్పును స్పష్టంగా తోసిపుచ్చింది. సంఖ్యాబలం ఒక ప్రభుత్వానికి అధికారమివ్వగలదు గాని అసమ్మతి హక్కును రద్దు చేయలేదని ఈ పరిణామం చాటుతోంది. 41 స్థానాల గెలుపుకైనా ఈ పరిమితి వర్తిస్తుంది.

ఓడిన నాయకురాలు, మారిన మద్దతు

నాయకుల పట్ల గౌరవానికి ఒక కనీస రూపం ఉన్నది. తీవ్రంగా విమర్శించదగిన నాయకుడికైనా చట్టం ముందు న్యాయమైన విచారణ దక్కాలి. 1977 అక్టోబరు 3న జనతా ప్రభుత్వం ఇందిరాగాంధీని అరెస్టు చేయగా, తగిన ఆధారాలు లేవంటూ మరునాడే మేజిస్ట్రేటు విడుదల చేశారు. ప్రతీకారంగా కనిపించిన ఈ చర్య ఆమెకు సానుభూతిని తెచ్చిపెట్టింది. మరోవైపు, ఓటమిని అంగీకరించి ఆమె పదవి వీడిన తీరును విమర్శకులు సైతం గుర్తించవలసి ఉంటుంది.

1978 శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ (ఇ) 294 స్థానాల్లో 175 గెలుచుకుంది. 1980లో ఆమె మెదక్ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఇదంతా చూస్తే తెలుగు ఓటరు భక్తుడే అన్న భావన కలుగుతుంది. 1983 జనవరిలో అదే ఓటరు, పుట్టి ఏడాది నిండని తెలుగుదేశం పార్టీకి అధికారం అప్పగించాడు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఎన్.టి. రామారావు ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేయగా, రాష్ట్రమంతటా నిరసన పెల్లుబికింది. సెప్టెంబరు 16న రామారావు తిరిగి పదవి చేపట్టారు. ఆ డిసెంబరులో, ఇందిర హత్యానంతర సానుభూతితో దేశవ్యాప్తంగా కాంగ్రెస్ 400కు పైగా స్థానాలు గెలిచినప్పుడు, ఆంధ్రప్రదేశ్‌లో తెలుగుదేశం 30 స్థానాలు సాధించింది. ఆమె ప్రాతినిధ్యం వహించిన మెదక్ కూడా ఆ పార్టీకే దక్కింది. 1977లో దేశం తిరస్కరించినప్పుడు ఆదరించినవారే, 1984లో దేశం కన్నీరు పెట్టినప్పుడు తమ రాష్ట్రానికి జరిగిన అన్యాయాన్ని మరవలేదు.

ముగింపు

పై పరిశీలన వల్ల తేలే నిర్ణయాలు మూడు. మొదటిది, పదవిలో ఉన్న నాయకుడికి పౌరులు ఇవ్వవలసిన గౌరవం రాజ్యాంగం ద్వారా వచ్చేది. ఆ రాజ్యాంగాన్ని నాయకుడే అతిక్రమించినప్పుడు గౌరవం రాజ్యాంగం వైపే నిలవాలి. రెండవది, మద్దతు తిరిగి తీసుకోగలిగిన స్వేచ్ఛ ఉన్నప్పుడే దానికి విలువ. తెలుగు ఓటరు 1977లో ఇచ్చిన మద్దతు భక్తి కాదని 1983, 1984 తీర్పులు వెనుదిరిగి నిరూపించాయి. మూడవది, మద్దతు ఇచ్చిన అధికసంఖ్యాకులు, ఇవ్వని అల్పసంఖ్యాకుల స్వేచ్ఛకు కూడా బాధ్యులే. 1977లో తెలుగు సమాజం ఈ మూడవ బాధ్యతను తగినంతగా నిర్వర్తించలేదు. ఎమర్జెన్సీ చరిత్రను ఉత్తరాది తిరుగుబాటు కథగా మాత్రమే చెప్పుకుంటే ఈ లోపం మరుగున పడుతుంది. ఓటు లెక్కలతో పాటు జైలు గదుల చరిత్రను కూడా కలిపి చదివినప్పుడే ఆ కాలపు తెలుగు రాజకీయ చైతన్యం సమగ్రంగా అవగతమవుతుంది.