బల్ల గోడను వీడిన వేళ: దక్షిణ ఇండియా సంఘ దేవాలయాల్లో కొయ్య సామగ్రి చరిత్ర

దక్షిణ ఇండియా సంఘ చరిత్రను సాధారణంగా మహాసభల తీర్మానాల ఆధారంగానో, బిషప్పుల పాలనాకాలాల వరుసలోనో రాయడం ఆనవాయితీ. అయితే ఆ సంఘం ఏ విశ్వాసంతో, ఏ క్రమంలో ఆరాధించిందో దేవాలయంలోని బల్ల, ప్రసంగ వేదిక, పఠన పీఠం, బెంచీలు కూడా అంతే స్పష్టంగా చెబుతాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కతీడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలూ, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాల కలయికతో 1908లో ఏర్పడిన దక్షిణ ఇండియా ఐక్య సంఘమూ ఒక్కటైనప్పుడు, వాటి సభ్యులతోపాటు వాటి ఆరాధన అమరికలు కూడా ఒకే గొడుగు కిందికి వచ్చాయి. ఆ అమరికలను పొందికగా కలిపే పనిలో వేదాంతుల పాత్ర ఎంతో, కొలతలు తీసి కొయ్య చెక్కిన వడ్రంగుల పాత్ర కూడా అంతే.

మూడు సంప్రదాయాలు, మూడు అమరికలు

ఇంగ్లండు సంఘపు ఆచారాన్ని అనుసరించే ఆంగ్లికన్ దేవాలయాల్లో ప్రభురాత్రి భోజన సంస్కారం జరిగే బల్ల సాధారణంగా తూర్పు గోడను ఆనుకొని ఉండేది. దాని ముందు విశ్వాసులు మోకరించి రొట్టెను, ద్రాక్షారసాన్ని స్వీకరించడానికి రెయిలింగ్, ఒక పక్క ప్రసంగ వేదిక, మరో పక్క బైబిలు చదివే పఠన పీఠం, ప్రవేశద్వారం దగ్గర బాప్తిస్మ తొట్టి ఉండేవి. కడప, గుత్తి, జమ్మలమడుగు ప్రాంతాల్లో లండన్ మిషన్ నాటిన కాంగ్రిగేషనల్ సంప్రదాయంలో వాక్యప్రకటనకే అగ్రస్థానం కాబట్టి ప్రసంగ వేదిక ఎత్తుగా నట్టనడుమ నిలిచేది. బల్ల దాని ముందు దిగువన ఉండేది. ప్రజలు కూర్చున్న చోటికే పరిచారకులు రొట్టెను తెచ్చి అందించేవారు. మెథడిస్టులు ప్రసంగానికి పెద్దపీట వేస్తూనే, రెయిలింగ్ దగ్గర మోకరించి సంస్కారం పుచ్చుకునే పద్ధతిని కూడా కాపాడుకున్నారు.

తెలుగు నేలపై ఈ భేదానికి మెదక్, డోర్నకల్ దేవాలయాలు రెండు మంచి సాక్ష్యాలు. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ నాయకత్వంలో కట్టిన మెదక్ దేవాలయం సుమారు 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పుతో రూపుదిద్దుకొని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైంది. బ్రిటిష్ మెథడిస్టు వ్యవస్థలో బిషప్పులు లేరు కాబట్టి, బిషప్ కూర్చుని బోధించే ఆసనమైన బిషప్ పీఠానికి ఆ వ్యవస్థలో చోటు లేదు. ఐక్యత తరువాతే మెదక్ ఒక అధ్యక్ష మండలానికి, అంటే బిషప్ పరిధిలోని ప్రాంతానికి, కేంద్ర దేవాలయమైంది. డోర్నకల్ సంగతి వేరు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పుగా అభిషిక్తుడైన తొలి భారతీయుడు వేదనాయకం సామ్యూల్ అజరయ్య 1912 నుంచి అక్కడ బిషప్పుగా సేవచేసి, దేశీయ వాస్తురీతుల మేళవింపుతో కట్టించిన కతీడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠింపజేశారు. సంఘాల ఐక్యత కోసం జీవితకాలం కృషి చేసిన ఆయన, ఆ కల నెరవేరక ముందే 1945 జనవరి 1న కన్నుమూశారు.

1950 ఆరాధన క్రమం తెచ్చిన మార్పు

ఏ స్థానిక సంఘంపైనా కొత్త ఆచారాన్ని బలవంతంగా రుద్దకూడదన్నది ఐక్యతలో ముఖ్య నియమం. ఆ నియమానికి లోబడే, లెస్లీ బ్రౌన్ సమన్వయకర్తగా ఉన్న ఆరాధన కమిటీ ఒక ఉమ్మడి ప్రభురాత్రి భోజన క్రమాన్ని రూపొందించగా, అది 1950లో వాడుకలోకి వచ్చింది. ఆ క్రమంలో బైబిలును ఊరేగింపుగా తెచ్చి పఠన పీఠంపై ఉంచడం, రొట్టెను, ద్రాక్షారసాన్ని కానుకలతోపాటు ప్రజల మధ్య నుంచి బల్ల దగ్గరకు తేవడం, సమాధానపు వందనాన్ని చేతి నుంచి చేతికి అందించుకోవడం ప్రధానాంశాలు. అన్నిటికంటే గమనించదగ్గది, గురువు బల్ల వెనుక నిలబడి ప్రజల వైపు తిరిగి సంస్కారాన్ని నడపడం. రోమన్ కథోలిక సంఘంలో ఇటువంటి అమరికకు 1964 నాటి వాటికన్ ఆదేశం విస్తృతంగా దారితీయగా, దక్షిణ ఇండియా సంఘం అంతకు పద్నాలుగేళ్ల ముందే ఆ బాట పట్టింది.

ఈ ఒక్క మార్పు వడ్రంగి పనిని ఎంతగానో మార్చింది. గోడను ఆనుకున్న బల్లకు ముందుభాగం మాత్రమే కనబడుతుంది గనుక చెక్కడమంతా అక్కడే ఉండేది, వెనుకభాగాన్ని నునుపు చేయకుండా వదిలేసినా చెల్లిపోయేది. గోడను వీడిన బల్లకు నాలుగు వైపులా సమానంగా చిత్రిక పట్టాలి, నాలుగు మూలలూ ఒకే తీరులో నిలవాలి, వెనుక నిలబడే గురువు కాళ్లకు అడ్డు రాకుండా కింది బద్దెలను లోపలికి జరపాలి. బల్ల ఎత్తు సుమారు 36 నుంచి 39 అంగుళాల మధ్య ఉంటే గురువు వంగకుండా రొట్టెను విరవగలరు, వెనుక వరుసవారికి కూడా ఆ చేతులు కనబడతాయి.

కొయ్య, కొలత, పనితనం

తెలుగు ప్రాంతాల్లో దేవాలయ సామగ్రికి టేకునే ఎక్కువగా ఎంచుకోవడానికి కారణం, దాని చేవలో, అంటే చెట్టు లోపలి గట్టి భాగంలో, ఉండే సహజ తైలం చెదలను దరిచేరనివ్వకపోవడం. అయితే ఎంత మంచి టేకైనా అడ్డంగా వానాకాలంలో ఉబ్బుతుంది, ఎండాకాలంలో కుంచించుకుపోతుంది. అందువల్ల పనితనం తెలిసిన వడ్రంగి బల్ల పైపలకను చట్రానికి కదలకుండా బిగించెయ్యడు. స్క్రూల కోసం కాస్త పొడవాటి రంధ్రాలు తొలిచి, పలక అటూఇటూ జరిగేందుకు వీలు కల్పిస్తాడు. ప్రసంగ వేదిక చుట్టూ ఉండే పలకలను కూడా అంచుల్లో తీసిన గాడుల్లో జిగురు లేకుండా నిలుపుతాడు. రథాలనూ, ద్వారబంధాలనూ తరతరాలుగా చెక్కిన వృత్తికుటుంబాలకు ఈ మెలకువలు కొత్తవి కావు.

కొలతలు మాత్రం ఏ దేవాలయానికి ఆ దేవాలయానివే. బెంచీ ఆసనం నేల నుంచి 17 లేదా 18 అంగుళాల ఎత్తులో ఉండి, ఆనుడు పలక కాస్త వెనక్కి వాలితేనే ముసలివారు గంటన్నర ఆరాధనలో నడుంనొప్పి లేకుండా కూర్చోగలరు. మనిషికి అడుగున్నర చొప్పున లెక్కిస్తే తొమ్మిదడుగుల బెంచీపై ఆరుగురు పడతారు. స్తంభాల మధ్య దూరం, తలుపులు తెరుచుకునే దిశ, శవపేటికను, పెండ్లి ఊరేగింపును నడిపించే మధ్య దారి వెడల్పు కొలవకుండా కొన్న రెడీమేడ్ బెంచీలు ఎక్కడో ఒకచోట ఇబ్బంది పెట్టక మానవు.

గ్రామ దేవాలయాల్లో పరిస్థితి వేరు. అక్కడ అనేక చోట్ల పురుషులు ఒకవైపు, స్త్రీలు మరోవైపు చాపలపై కూర్చునే ఆచారం కొనసాగింది. దీన్ని బెంచీలు కొనలేని పేదరికంగా మాత్రమే చూడడం తగదు, ఎందుకంటే పాదరక్షలు విడిచి నేలపై కూర్చోవడం ఈ దేశపు భక్తి మర్యాద. ప్రజలు నేలపై ఉన్నచోట ఒక అడుగు ఎత్తు వేదిక సరిపోతుంది. బెంచీలు వేసిన మరుక్షణం వేదికనూ, పఠన పీఠాన్నీ ఎత్తు పెంచవలసి వస్తుంది. ఈ సంబంధాన్ని గుర్తించని చోట, వెనుక కూర్చున్నవారికి సంస్కారపు బల్ల కనిపించకుండా పోతుంది.

జూబిలీ సంఘాల బాధ్యత

జూబిలీ వంటి వార్షికోత్సవాల వేళ దేవాలయాలకు కొత్త సామగ్రి కానుకగా రావడం సంతోషించదగ్గదే. అయితే పాత సామగ్రిని తీసివేసే ముందు ప్రతి వస్తువు కొలతలు, కొయ్య రకం, చేసిన సంవత్సరం, దాత జ్ఞాపకార్థం చెక్కిన మాటలు, తెలిస్తే వడ్రంగి పేరు కూడా సంఘ దస్తావేజుల్లో నమోదు చేయడం స్థానిక సంఘాల కనీస బాధ్యత. అతుకు వదులైన బెంచీని విప్పి బిగించవచ్చు. మెరుపు తగ్గిన చేవకొయ్యను తేలికగా చిత్రిక పట్టి పాలిష్ చేస్తే అది మరో తరానికి పనికొస్తుంది. కొత్తది చేయించక తప్పనప్పుడు, వడ్రంగికి బొమ్మల పుస్తకం చూపడానికి బదులు ఒక ఆదివారం ఆరాధనకు ఆహ్వానించి, గురువు ఎక్కడ నిలుస్తారో, ప్రజలు ఎలా మోకరిస్తారో, వృద్ధులు ఏ పక్క నుంచి వస్తారో చూపించడం మేలు. మూడు సంప్రదాయాలవారు ఒకే బల్ల చుట్టూ చేరడమే ఈ సంఘ చరిత్రలోని సారం గనుక, ఆ బల్లను శ్రద్ధగా చేయించి శ్రద్ధగా కాపాడుకోవడం కూడా ఐక్యతను నిలబెట్టే పనిలో భాగమే.