చక్రాల కుర్చీలో రాతియాట



నిజామాబాదు, బోధను సీమల వారికి మంచుగడ్డ యనగా ఎండకాలమున రంపపుపొట్టులో చుట్టి తెచ్చునదియే గాని, దానిమీద ఆటలాడుదురనుట వింతగా తోచును. నేను నేడు చెప్పబోవునది అట్టి యాటను గూర్చియే. అయినను ఆ మంచుదేశమునకు పోవుటకు ముందు ఒకమారు మన చెరకుతోటలలోనికి రావలెను.

1931లో నిజాంసాగరము పూర్తియైన పిదప మంజీర నీరు కాలువలవెంట పారి ఈ భూములను చెరకుపొలములుగా మార్చినది. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. 2015లో అది మూతపడువరకు ఇచ్చటి బ్రదుకు చాలవరకు చెరకుబండ్ల వెంటనే నడచినది. అట్టి దినములలో మా యూర, నాకు వరుసకు మేనమామ యగు నొకరు చెడుగుడులో మేటి యని పేరొందిరి. ఒకనాటి రాత్రి పొలముబాటలో చెరకుబండి ఒరిగి ఆయనపై పడినది. ప్రాణము దక్కినది గాని నడుము క్రింద చలనము పోయినది.

ఇంటివారు ఆయనను కంటికి రెప్పవలె చూచుకొనిరి. కూటికి లోటు లేదు, గుడ్డకు లోటు లేదు. కాని ప్రతి సాయంకాలమును మేము ఆయన కూర్చున్న యరుగు ముందునుండియే ఆటకు పరుగెత్తుచుంటిమి. "మామా, నీవు వచ్చి తీర్పు చెప్పుము" అని ఒక్కనాడైనను ఒక్కరమైనను పిలువలేదు. ఆయన ఆ యరుగుమీదనే ముసలివాడై కన్నుమూసెను. ఆయనకు లోపించినది అన్నము కాదు, పిలుపు అని నాకు చాల ఆలస్యముగా తెలిసినది.

ఈ లోపమును ముందుగా గుర్తించినవారిలో నొక వైద్యుని పేరు చెప్పవలెను. ఆయన లుడ్విగ్ గుట్మన్. జర్మనీలో యూదులపై సాగిన హింసకు తాళజాలక 1939లో ఇంగ్లండు చేరెను. 1944లో స్టోక్ మాండవిల్ ఆస్పత్రిలో, వెన్నెముక విరిగిన సైనికులకై ఏర్పడిన విభాగమునకు పెద్ద యయ్యెను. అంతకుముందు అట్టి రోగులు పెక్కుమంది పుండ్లచేతను, మూత్రకోశ వ్యాధులచేతను కొలదికాలములోనే మరణించుచుండిరి. గుట్మన్ వారి దేహమును కాపాడుటతో తృప్తి చెందక వారిచేత ఆటలాడించెను. 1948 జూలై 29న, లండనులో ఒలింపిక్ క్రీడలు ఆరంభమైన దినముననే, తన ఆస్పత్రి ఆవరణలో 16 మందికి విలువిద్యా పోటీ నడిపెను. 1960లో రోమునగరమున 23 దేశములనుండి దాదాపు 400 మంది పాల్గొనిన పోటీలకు ఆ చిన్న పోటీయే మూలము. వీటినే ఇపుడు పారాలింపిక్ క్రీడలందురు.

ఆ గాలి మనవైపునకును వీచినది. సికింద్రాబాదులోని సైనిక దళమున ముష్టియుద్ధము నేర్చిన మురళీకాంత్ పేట్కర్ 1965 యుద్ధమున గుండ్లు తగిలి వికలాంగుడయ్యెను. ముష్టియుద్ధమును విడువవలసి వచ్చినను ఆయన పోటీని విడువలేదు, ఈత పట్టెను. 1972లో జర్మనీలోని హైడెల్‌బర్గున 50 మీటర్ల ఈతను 37.33 సెకండ్లలో ముగించి పారాలింపిక్ క్రీడలలో భారతదేశమునకు తొలి స్వర్ణపతకమును తెచ్చెను. దేశము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది 2018లో. మన పిలుపు ఎంత ఆలస్యముగా వచ్చునో దీనివలన తెలియును.

శీతదేశములవారికి మంచుమీది యాటలు కలవు. 1976లో స్వీడనున శీతకాల పారాలింపిక్ పోటీలు మొదలైనవి. వాటిలో తరువాత చేరినదే నేను చెప్పదలచిన కర్లింగ్ అను రాతియాట.

ఇది స్కాట్లండులో పుట్టినది. 1541 నాటి పేస్లీ మఠపు వ్రాతలో ఒక సన్న్యాసి మంచుపై రాళ్లు విసరినట్లు కలదు. మన పిల్లల గోటీలాట తెలిసినవారికి దీని మర్మము సులభముగా తెలియును. దాదాపు 45 మీటర్ల మంచుబాట చివర వలయములు గీసియుందురు. ఇరువది కిలోల బరువుగల నున్నని రాతిని, పిడి పట్టి, ఆ వలయమధ్యమునకు జారవిడువవలెను. ఎదుటివారి రాతిని తాకి తొలగింపవచ్చును. తమ రాతిని కావలి నిలుపవచ్చును. మామూలు ఆటలో, రాయి జారుచుండగా తోటివారు దానిముందు పరుగెత్తుచు కుంచెలతో మంచును రుద్దుదురు. అందువలన రాపిడి తగ్గి రాయి మరికొంత దూరము, మరికొంత తిన్నగా పోవును. విసరినవాని తప్పును కొంతవరకు ఈ విధముగా దిద్దవచ్చును.

చక్రాల కుర్చీవారి ఆటలో ఈ రుద్దుట లేదు. ఆటగాడు కుర్చీని కదలకుండ నిలిపి, చేతితో గాని పొడుగాటి కర్రతో గాని రాతిని విడుచును. కుర్చీ జారకుండ తోటివాడు వెనుకనుండి పట్టుకొనవచ్చును. జట్టునకు నలుగురు, అందు స్త్రీలును పురుషులును ఉండవలెను. ఇది దయతో ఇచ్చిన సులభమైన యాట యని కొందరు తలంతురు. యోచించినచో విషయము తలక్రిందులు. చేయి విడిచిన రాతిని దిద్దువారెవరును లేరు గనుక, విడుచుటకు ముందే లెక్క సరిపోవలెను. రీతి మారినది గాని కొలత తగ్గలేదు.

2002లో స్విట్జర్లండున దీని తొలి ప్రపంచపోటీ జరిగినది. 2004లో కెనడా తన జాతీయ పోటీని ఆరంభించినది. అందు రాష్ట్రములవారు తమ తమ జట్లను పంపుదురు. నిన్నటివరకు ఇంటి మూలనుండిన మనుష్యుడు తన రాష్ట్రపు పేరును రొమ్ముపై ధరించి మంచుపైకి వచ్చును. గెలిచినను ఓడినను అతడు ఆ రాష్ట్రమువాడే. ఈ యాట 2006లో పారాలింపిక్కులలో చేరగా 2006, 2010, 2014 సంవత్సరములలో కెనడాయే స్వర్ణము గైకొనినది. 2018లో గెలిచినది చైనా. శీతకాల పారాలింపిక్కులలో ఆ దేశమునకు అదియే మొదటి పతకము! 2022లోను ఆ దేశమే గెలిచినది. కాబట్టి తాతలనాటినుండి వచ్చిన యాట యైననే గెలుపు వచ్చుననుట నిజము కాదు. పిలిచి నేర్పిన చోటికి గెలుపు వచ్చును.

మనకు మంచు లేదు, సరియే. కాని బడికి మైదానమున్నది, పంచాయతీకి ముంగిలి యున్నది. వికలాంగులు క్రీడలలో పాల్గొనుటకు ప్రభుత్వములు తగిన ఏర్పాట్లు చేయవలెనని 2016 నాటి చట్టము చెప్పుచున్నది. చట్టము దారి చూపును. కుర్చీ పోవుటకు మెట్టుప్రక్కన ఏటవాలు బాట వేయించుట ఊరిపెద్దల పని. ఆటస్థలమునకు రమ్మని నోరార పిలుచుటకు చట్టముతో పనియే లేదు.

మా మామను నేను పిలువలేదు. ఆ పిలుపు నాకు తీరని ఋణమై మిగిలినది. మీ యూర ఏ యరుగుమీదనైనను అట్టివారు కూర్చుండియున్నచో, నేటి సాయంకాలమే పిలువుడు.